మన గింజల్లో పెంకు పురుగులు: గుర్తుపట్టడం, అరికట్టడం

 

ఈ నెల గోడపత్రికలో సైన్సు పేజీ నా వంతుకు వచ్చింది. మొదట గ్రహణాల గురించి రాద్దామనుకున్నాను. పుస్తకంలో ఉన్నదే మళ్ళీ గోడకెక్కిస్తే ఎవరు చదువుతారురా, రోజూ చూస్తూ కూడా మీకు పేరు తెలియనిదాని గురించి రాయి అన్నారు సైన్సు సార్. ఆ రాత్రే నా కంచంలో అన్నం మధ్య నల్లటిదొకటి కనపడింది. పక్కనున్నవాడు "జీలకర్రరా, తినెయ్" అన్నాడు. జీలకర్రకి ఆరు కాళ్ళుండవు కదా! సరే, ఇదే రాద్దామని నిశ్చయించుకున్నాను.

నిజం చెప్పాలంటే ఇంకో కారణం కూడా ఉంది. మాది చింతపల్లి వైపు కొండ ఊరు. పోయిన ఏడాది మా నాయనమ్మ విత్తనానికని దాచిన కందులు మొత్తం పుచ్చిపోయాయి. మాఘమాసంలో కోసి, కొట్టి, ఎండబెట్టి, సంచిలో పోసి మూతి కట్టింది. తొలకరి పడ్డాక సంచి విప్పితే లోపల గింజలు తక్కువ, చిల్లులు ఎక్కువ. చేటలో పోసి చెరిగితే పొట్టులాగా ఎగిరిపోయాయి. వాన పడింది, దుక్కి అయింది, చేతిలో విత్తనం లేదు. చివరికి షావుకారు దగ్గర కుంచం కందులు అప్పు తెచ్చింది. పంట వచ్చాక రెండు కుంచాలు కొలవాలని మాట. నాయనమ్మ రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. అప్పుడు నేను సెలవులకి ఊళ్ళోనే ఉన్నాను. తొమ్మిదో తరగతికి వచ్చినవాణ్ణి, సైన్సులో మంచి మార్కులున్నవాణ్ణి, ఎందుకిలా అయిందే నాయనమ్మా అని అడిగానే గానీ నాకే జవాబు తెలియదు. "కందుల్లోంచే పుడతాయిరా పురుగులు, మన చేతిలో ఏముంది" అంది. ఆ మాట సగం తప్పు, సగం ఒప్పు. ఎలాగో కిందకి చదివితే తెలుస్తుంది.

పెంకు పురుగు అంటే

ముందు మాట: గింజల్లో కనపడే ప్రతిదీ ఒకటే పురుగు కాదు. మనం అన్నింటినీ "పురుగు" అనేస్తాం. వీటిలో ఎక్కువ భాగం పెంకు పురుగుల జాతివి. పేడ పురుగు, జీరంగి ఏ జాతివో ఇవీ ఆ జాతివే, కాకపోతే చీమంత ఉంటాయి. ముందు రెక్కలు రెండూ గట్టిపడి వీపు మీద పెంకులాగా మూసుకుంటాయి. ఎగరడానికి పనికొచ్చే మెత్తటి రెక్కలు ఆ పెంకు కింద మడిచి ఉంటాయి. అందుకే వీటిని గింజల మధ్య నలిపినా తొందరగా చావవు. వడ్ల బస్తా కదిపితే బూడిదరంగు చిన్న సీతాకోకచిలుకల్లాంటివి ఎగురుతాయి చూడండి, అవి మాత్రం పెంకు పురుగులు కావు. వాటిని వడ్ల చిలుక అంటారు. వాటి సంగతి ఇంకోసారి.

సైన్సు సార్ భూతద్దం ఇచ్చారు. వంట అక్కలు స్టోరు రూములోకి రానిచ్చారు (చెప్పులు బయట విప్పించి!). తెల్ల కాగితం, ఖాళీ అగ్గిపెట్టె, పిండి జల్లెడ పట్టుకుని రెండు ఆదివారాలు వెతికాను. ఊరినుంచి తెచ్చిన పుచ్చు కందులు కూడా నా దగ్గర ఉన్నాయి. దొరికినవాటిని ఇలా గుర్తుపట్టవచ్చు.

ముక్కు పురుగు. బియ్యంలో మనకి ఎక్కువగా కనిపించేది ఇదే. పొడవు 3 మిల్లీమీటర్లు, కాస్త అటూ ఇటూ. ముదురు గోధుమరంగు. తల ముందుకి సాగి ఏనుగు తొండంలాగా ఉంటుంది, దాన్నే ముక్కు అన్నారు. ఆ తొండం చివర నోరు ఉంది. భూతద్దంలో చూస్తే వీపు పెంకుల మీద నాలుగు ఎర్రటి మచ్చలు, ఒక్కో వైపు రెండేసి. ముట్టుకుంటే కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు పడి ఉంటుంది. ఒక నిమిషం ఓపిక పడితే లేచి నడుస్తుంది. దీని శాస్త్రీయ నామం సైటోఫిలస్ ఒరైజే. సైటోఫిలస్ అంటే గ్రీకు భాషలో ధాన్యమంటే ఇష్టపడేది అని, ఒరైజా అంటే వరి. ఒరైజే అని పేరు పెట్టినవాడు స్వీడను దేశపు లిన్నేయస్, 1763లో.

దీని పని చూస్తే కోపమూ వస్తుంది, ఆశ్చర్యమూ వేస్తుంది. ఆడ పురుగు తొండంతో గింజకి చిన్న గుంట తవ్వి, ఒక్క గుడ్డు పెట్టి, పైన జిగురుతో మూసేస్తుంది. మన ఇంట్లో గోడ కన్నానికి మట్టి మెత్తినట్టే. బయటినుంచి చూస్తే గింజ బాగానే ఉంటుంది. లోపల గుడ్డు పగిలి కాళ్ళు లేని తెల్లటి పిల్ల పురుగు పుట్టి, గింజ లోపలిదంతా తిని, అక్కడే ప్యూపా అయి, రెక్కలొచ్చాక చిల్లు చేసుకుని బయటికి వస్తుంది. మన ఎండాకాలం వేడిలో ఇదంతా నెల రోజుల లెక్క. ఒక ఆడ పురుగు తన జీవితంలో 300 గుడ్ల దాకా పెడుతుంది. కనుక "నిన్న శుభ్రంగా ఉన్న బియ్యంలోకి ఇవాళ ఎలా వచ్చాయి" అని అడగవద్దు. నిన్న కూడా ఉన్నాయి, గింజ లోపల.

నుసి పురుగు. ఇది కూడా 3 మిల్లీమీటర్లే గానీ ఒళ్ళు గుండ్రటి గొట్టంలాగా ఉంటుంది, పెన్సిలు ముక్కలాగా. తొండం ఉండదు. పైనుంచి చూస్తే తల కనిపించదు, మెడ కింద దాచుకుని ఉంటుంది. వడ్లలో ఎక్కువ. ముక్కు పురుగు పొట్టు బాగా మూసుకున్న వడ్లలోకి తేలిగ్గా పోలేదు. నుసి పురుగుకి ఆ ఇబ్బంది తక్కువ. పిల్లా తింటుంది, తల్లీ తింటుంది. తినేదానికంటే పాడుచేసేది ఎక్కువ. బస్తా అడుగున తెల్లటి పిండి కుప్ప కనపడితే దీని మీదే అనుమానపడాలి.

ఎర్ర పిండి పురుగు. చపాతీ పిండిలో, రవ్వలో, బస్తా అడుగు నూకల్లో ఉండేది. ఎర్రగా, చదునుగా ఉంటుంది, గబగబా పరిగెడుతుంది. బాగున్న గట్టి గింజని ఇది కొరకలేదు. పగిలినవి, నూక, పిండి, ఇంకో పురుగు కొరికి వదిలినవి దీనికి కావాలి. అంటే ముక్కు పురుగు తలుపు తీస్తే వెనకాల వచ్చే చుట్టమన్నమాట. దీని ఒంట్లోంచి వచ్చే ఒక రసాయనం వల్ల పిండి ఘాటు వాసన వేస్తుంది, బాగా ఎక్కువైతే రంగు కూడా మారుతుంది. ఆ వాసన పట్టిన పిండి ఎంత జల్లించినా బాగుపడదు. పారబొయ్యడమే మంచిది. దీని పిల్ల పురుగుకి మూడు జతల కాళ్ళుంటాయి. ముక్కు పురుగు పిల్లకి ఒక్క కాలు కూడా ఉండదు. రెంటికీ తేడా ఇలా పట్టవచ్చు.

కాప్రా పురుగు అని ఇంకొకటి ఉంది. మన స్టోరులో నాకు దొరకలేదు, సంతోషం. వేడిగా, పొడిగా ఉండే చోట్ల గోధుమల్లో ఎక్కువ. దీని పిల్ల పురుగుకి ఒళ్ళంతా వెంట్రుకలు. గోడ పగుళ్ళలో దూరి తిండి లేకుండా ఏళ్ళ తరబడి బతకగలదు. చాలా దేశాలు ఓడరేవుల్లో దీన్ని వెతికి మరీ ఆపుతాయి.

ఇక పప్పుల పుచ్చు పురుగు. మా నాయనమ్మ కందుల్ని తిన్నది ఇదే. కంది, పెసర, మినుము, అలసంద, ఉలవ, శనగ, అన్నింటికీ పడుతుంది. పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. చొక్కా పొట్టిదైతే నడుము కనపడినట్టు, వీపు పెంకులు పూర్తిగా మూయక వెనక భాగం బయటికి కనిపిస్తుంది. దీని గుడ్లు దాచుకోనక్కరలేదు. గింజ పైనే తెల్లటి చుక్కల్లాగా అంటించి ఉంటాయి. కందుల మీద తెల్ల చుక్కలుంటే సున్నం అనుకోవద్దు, గోరుతో గీకి చూడండి. గుడ్డు అడుగునుంచే పిల్ల తిన్నగా గింజలోకి తొలుచుకుపోతుంది. పెద్దదయ్యాక గుండ్రటి మూత కోసినట్టు కోసుకుని బయటికొస్తుంది. బయటికొచ్చినది మళ్ళీ గింజ తినదు! వారం పది రోజులు బతికి, జతకట్టి, గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. తిండంతా పిల్లప్పుడే.

లెక్క వేసి చూద్దాం

లెక్కలంటే ఇష్టమున్నవాళ్ళకి ఒక లెక్క. పుచ్చు పురుగు జత ఒకటి సంచిలో ఉందనుకోండి. ఆడది 80 గుడ్లు పెట్టింది. సగం చచ్చాయి, 40 బతికాయి, అందులో సగం ఆడవి. నెల తర్వాత 40 పురుగులు, అంటే 20 జతలు. రెండో నెలకి 20 × 40 = 800. అంటే 400 జతలు. మూడో నెలకి 400 × 40 = 16,000. ఒక్కో పురుగు పెరగడానికి ఒక కందిగింజ చాలు. కిలో కందులకి సుమారు 10,000 గింజలు తూగుతాయి. అంటే ఒక్క జత మూడు నెలల్లో కిలోన్నర కందులకి చిల్లులు పెట్టింది. మాఘం నుంచి తొలకరి దాకా నాలుగు నెలలు. నాలుగో నెల లెక్క నేను వెయ్యను, మీరే వేసుకోండి. సంచిలో జత ఒకటే ఉందని ఎవరు చెప్పారు?

పుడతాయా, వస్తాయా?

ఇప్పుడు నాయనమ్మ మాట దగ్గరికి వద్దాం. పురుగులు కందుల్లోంచే పుడతాయా? కుళ్ళిన మాంసంలోంచి ఈగలు వాటంతటవే పుడతాయని ఒకప్పుడు యూరపులో చదువుకున్నవాళ్ళు కూడా నమ్మేవారు. ఇటలీ దేశస్థుడు ఫ్రాన్సిస్కో రెడీ కొన్ని సీసాల్లో మాంసం పెట్టి, కొన్నింటికి పల్చటి గుడ్డ కట్టి, కొన్నింటిని తెరిచి ఉంచాడు. గుడ్డ కట్టినవాటిలో మాంసం మీద పురుగు పట్టలేదు. ఈగ గుడ్డు పెడితేనే పురుగు వస్తుందని 1668లో పుస్తకం అచ్చువేశాడు.

నేను కూడా అలాగే చేశాను. రెండు హార్లిక్సు సీసాలు తీసుకుని, ఒకదాంట్లో తెల్ల చుక్కలున్న కందిగింజలు 20, రెండోదాంట్లో భూతద్దంతో ఏరిన, చుక్క గానీ చిల్లు గానీ లేని గింజలు 20 వేసి, గుడ్డ కట్టాను. మొదటి సీసాలో నాలుగో వారంలో పురుగులు బయటపడ్డాయి. రెండోదాంట్లో ఇవాళ్టి దాకా లేవు. కాబట్టి కందుల్లోంచి పుట్టవు, గుడ్లలోంచి పుడతాయి.

మరి నాయనమ్మ సంచి కొత్తది, ఇల్లు కొత్తది, పురుగు ఎక్కడినుంచి వచ్చింది? ఇది నేను ఊహించని సంగతి. పుచ్చు పురుగు చేలోనే మొదలవుతుంది. కాయ ముదిరే సమయానికి ఎగిరి వచ్చి కాయల మీదే గుడ్లు పెడుతుంది. పిల్ల కాయని, గింజని తొలుచుకుని లోపల కూర్చుంటుంది. మనం దాన్ని మోసుకొచ్చి, ఎండలో పోసి, సంచిలోకెత్తి, మూతి కట్టి, పిల్లి రాకుండా, ఎలుక రాకుండా కాపలా కాస్తాం! అందుకే నాయనమ్మ మాట సగం ఒప్పన్నాను. ఆమె కందులతోపాటే అవి ఇంటికి వచ్చాయి.

అయితే మునుపు ఇంతగా పుచ్చేవి కాదు కదా? ఇది నాయనమ్మనే అడిగాను. ఆమె చెప్పింది రాస్తున్నాను. పాత ఇంట్లో పొయ్యి మీద అటక ఉండేది. విత్తనాలు అటక మీద ఆనపకాయ బుర్రల్లో, బానల్లో ఉండేవి. రోజూ రెండు పూటలా పొగ, వేడి తగిలేవి. మొక్కజొన్న కంకులు తొక్కతో సహా జడలాగా అల్లి అక్కడే వేలాడదీసేవారు. కందులకి బూడిద కలిపి బాన నిండా కూరి, మూతికి పేడ మట్టి మెత్తేవారు. ఇప్పుడు స్లాబు ఇల్లు వచ్చింది, అటక లేదు. గ్యాసు పొయ్యి వచ్చింది, బూడిద తగ్గింది. పాత బానలు పగిలాయి. ప్లాస్టిక్ నేత సంచి వచ్చింది. అది గాలిని ఆపదు, పురుగునీ ఆపదు.

ఇల్లు మారడం తప్పని నేను అనడం లేదు. పాత ఇంట్లో వాన కారేది, పాములొచ్చేవి. కానీ ఇల్లు మారినప్పుడు అటక చేసే పని ఏమిటో ఎవరమూ ఆలోచించలేదు. అటక, బూడిద, పేడమట్టి, మూడూ మూఢనమ్మకాలు కావు. ఒక్కోదానికీ కారణం ఉంది. పొగ, వేడి వల్ల గింజలో తడి తగ్గుతుంది. బూడిద గింజల సందుల్లో నిండి పురుగుని తిరగనివ్వదు, దాని ఒంటి మీది మైనపు పొరని గీరి ఒళ్ళు ఎండిపోయేలా చేస్తుంది. మూతి మూసేస్తే లోపలి గాలిలో ఆక్సిజను అయిపోయి పురుగు ఊపిరాడక చస్తుంది. ఆఫ్రికాలోని కామెరూనులో 1980ల చివర్లో అలసందలు దాచడానికి ఈ కిటుకుతోనే సంచులు తయారుచేశారు. లోపల రెండు మందపాటి ప్లాస్టిక్ సంచులు, బయట నేత సంచి. ఒక్కోదాని మూతి విడివిడిగా బిగించి కట్టాలి. మందు అక్కరలేదు. మన బాన చేసిన పనే ఇది.

చోళ్ళ సంగతి చెప్పకపోతే మా ఊరివాళ్ళు ఊరుకోరు. చోళ్ళు ఎన్నేళ్ళు దాచినా పెద్దగా పురుగు పట్టవు. గింజ ఎంత చిన్నదంటే ముక్కు పురుగు పిల్ల అందులో పడుకోవడానికే చోటు లేదు. కరువు కాలానికని పెద్దవాళ్ళు చోళ్ళు దాచింది ఊరికే కాదు.

ఏం చెయ్యాలి?

ముందు ఎండ. పురుగుకి తడి కావాలి. గింజలో తేమ వందకి 12 పాళ్ళు దాటితే దానికి పండగ. పప్పుగింజలైతే 9, 10కి దించితే మంచిది. మన దగ్గర తేమ కొలిచే మిషను లేదు గనుక పంటితో కొరికి చూడాలి. టక్‌మని విరగాలి. మెత్తగా అణిగితే ఇంకా ఎండాలి. ఎండ నుంచి తీసిన గింజని వేడిగా ఉండగానే సంచిలో పొయ్యకూడదు. రాత్రికి చల్లబడి లోపల చెమ్మ పడుతుంది. చల్లారాక పొయ్యాలి. ఇంకొక మాట: బియ్యాన్ని ఎండలో పరిస్తే పెద్ద పురుగులు పారిపోతాయి గానీ గింజ లోపలి పిల్లలకి ఆ వేడి చాలదు. పైగా పారిపోయినవి ఎక్కడికి పోతాయి? పక్క బస్తాలోకి. అందుకని స్టోరు గుమ్మంలో కాకుండా దూరంగా, పల్చగా, నల్ల పట్టా మీద పొయ్యాలి. తినే కందులు, అలసందలైతే నల్ల పట్టా మీద పోసి పైన తెల్లటి పాలిథిన్ కప్పి అంచులకి రాళ్ళు పెడితే మంచి ఎండలో లోపల వేడి 50 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి లోపలి పిల్లలు కూడా చస్తాయి.

చలి కూడా పనిచేస్తుంది. 15 డిగ్రీల కంటే తగ్గితే చాలావరకు వీటి సంతానం ఆగిపోతుంది. లంబసింగిలో చలికాలం రాత్రి సున్నా దగ్గరికి పోతుంది కదా అంటారేమో. పోతుంది, కానీ పగలు ఎండ కాస్తుంది, ఇంట్లో పొయ్యి ఉంటుంది. ఎండాకాలం రాగానే అవి మళ్ళీ పని మొదలుపెడతాయి.

ఇంట్లో దాచుకునే పప్పుగింజలకి నూనె పట్టించడం మంచి పద్ధతి. కిలోకి 5 నుంచి 10 మిల్లీలీటర్లు, అంటే ఒకటి రెండు చెంచాలు. వేరుశనగ నూనె గానీ ఆముదం గానీ వేసి, గింజ గింజకీ తగిలేలా చేత్తో రుద్దాలి. నూనె పొర గుడ్డుకి ఊపిరాడనివ్వదు. విత్తనాలకైతే వేపనూనె కూడా వాడవచ్చు, తినేవాటికి చేదు. పురుగు ఇప్పటికే గింజ లోపలికి పోతే నూనె ఏమీ చెయ్యలేదు, కాబట్టి కొట్టి ఎండబెట్టిన వెంటనే పట్టించాలి. తినడానికి ఉంచుకునేవాటిని పప్పు విసిరి దాచుకుంటే ఇంకా నయం. పుచ్చు పురుగుకి నిండు గింజ కావాలి, బద్ద మీద దానికి అంత మోజు లేదు. మన చింతపండుకి కూడా ఒక పెంకు పురుగు పడుతుంది, అదీ చింతగింజలోనే పెరుగుతుంది. గింజ తీసిన పండుకి ఆ బెడద తగ్గుతుంది.

ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, వేపాకు బస్తాలో పెడితే చాలంటారు. నాకు అంత నమ్మకం లేదు. వాసనకి పెద్దవి కొంచెం దూరం జరుగుతాయి. గింజ లోపల ఉన్నదానికి వాసనేమిటి, ఏమిటి! పెడితే నష్టం లేదు, పెట్టి నిద్రపోతేనే నష్టం. బోరిక్ పొడి బియ్యానికి కలిపే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది. అది మానాలి, పొట్టలోకి పోయే మందు కాదది.

మన స్టోరు రూము

ఇది వంట అక్కలతో మాట్లాడి, వార్డెన్ సార్ అనుమతితో రాస్తున్నాను. రెండు ఆదివారాల్లో నేను చూసిందేమంటే, ఎక్కువ పురుగులు బియ్యం బస్తాల్లో లేవు! ఖాళీ గోనెసంచుల కుట్లలో, గోడ మూల చిమ్మకుండా వదిలేసిన నూకలో, తలుపు వెనక పగులులో ఉన్నాయి. కొత్త బస్తా వచ్చి వాటి పక్కన కూర్చుంటే రాత్రికి రాత్రే ఎక్కుతాయి. కనుక ఖాళీ సంచులు స్టోరులో ఉంచకుండా దులిపి ఎండలో వెయ్యాలి. పగులుకి సిమెంటు పెట్టాలి. చిమ్మిన చెత్త గుమ్మం ముందు పోస్తే అవి నడుచుకుంటూ తిరిగి వస్తాయి, కాల్చాలి లేదా కోళ్ళకి వెయ్యాలి. బస్తాలు నేల మీద కాకుండా చెక్క పలకల మీద, గోడకి తగలకుండా మనిషి పట్టేంత దూరంలో పెట్టాలి. ఫుడ్ కార్పొరేషన్ గోడౌన్లలో కూడా అడుగున చెక్కలు వేసే పేరుస్తారు. పాత బస్తా ముందు వాడాలి. దీనికి సుద్దముక్కతో బస్తా మీద తేదీ రాస్తే చాలు. ఇప్పుడు మన దగ్గర కొత్తవి ముందు పెడుతున్నారు, పాతవి వెనక మిగిలిపోతున్నాయి. వెనకున్నదాంట్లోనే నుసి దొరికింది.

బస్తాలో పురుగు ఉందో లేదో తెలుసుకోవడానికి చెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టండి. ఒక చోట వేడిగా తగిలితే అక్కడ పురుగుల గుంపు ఉన్నట్టు. గుప్పెడు గింజలు నీళ్ళలో వేస్తే లోపల తినేసినవి తేలతాయి. ఒక సంగతి గుర్తుంచుకోవాలి: బలవర్ధక బియ్యంలో 100 గింజలకి 1 చొప్పున ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన గింజలుంటాయి. అవి రంగు కాస్త తేడాగా ఉంటాయి. పుచ్చులనీ ప్లాస్టిక్ బియ్యమనీ ఏరి పారెయ్యకండి. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు చిల్లుల గొట్టం ఒకటి తయారుచేశారు. బియ్యంలో గుచ్చితే తిరిగే పురుగులు చిల్లుల్లోంచి లోపల పడి పైకి రాలేవు. మందూ లేదు, కరెంటూ లేదు. మన స్టోరుకి రెండు తెప్పిస్తే బాగుంటుందని వార్డెన్ సార్‌ని కోరుతున్నాను.

అన్నంలో ఒకటీ అరా వచ్చిన ముక్కు పురుగు వల్ల జబ్బేమీ రాదు. ఏరి పక్కన పెట్టి తినండి. కానీ నుసి పట్టి, వాసన వేసే బియ్యం వేరే సంగతి. అలాంటివి వండవద్దని అడగడం మన హక్కు.

గ్యాసు బిళ్ళల గురించి

ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. సైన్సు సార్ తప్పక రాయమన్నారు. కొన్నాళ్ళ క్రితం సామాను తెచ్చే ఒకాయన, పురుగులు పోతాయని చెప్పి కాగితంలో చుట్టిన నాలుగు బిళ్ళలు తెచ్చాడు. బస్తాల మధ్య పెట్టి తలుపు వేస్తే చాలన్నాడు. మన స్టోరు రూముకీ చిన్న పిల్లలు పడుకునే గదికీ మధ్య ఒక్కటే గోడ, పైన కిటికీకి అద్దం కూడా లేదు. సైన్సు సార్ చూసి ఆపారు. ఆయన కోప్పడగా మేము చూడడం అదే మొదటిసారి.

అవి అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు. గాలిలోని తేమ తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. 3 గ్రాముల బిళ్ళ నుంచి 1 గ్రాము వాయువు. పెద్ద గోడౌన్లలో బస్తాల మీద గాలి చొరని పట్టా కప్పి, మాస్కులు వేసుకుని, శిక్షణ పొందినవాళ్ళు వాడతారు. మన దేశంలో ప్రభుత్వ నిపుణుల, అనుమతి ఉన్నవారి పర్యవేక్షణలో తప్ప వాడకూడదు. ఆ వాయువు సందుల్లోంచి పక్క గదిలోకి పోతుంది. పీల్చినవాళ్ళకి విరుగుడు మందు లేదు. ఇళ్ళలోగానీ హాస్టళ్ళలోగానీ మనుషులు పడుకునే చోటికి దగ్గరలో వీటిని పెట్టకూడదు. మీ ఊళ్ళో ఎవరైనా సంతలో కొని తెస్తే పెద్దవాళ్ళకి చెప్పండి. ముట్టుకోకండి, వాసన చూడకండి.

మందుల విషయంలో మన పెద్దవాళ్ళని తిట్టక్కరలేదు. ఒకప్పుడు విత్తనాలకి బి.హెచ్.సి. పొడి కలపడం ఊళ్ళలో మామూలు. 1997లో దాన్ని నిషేధించారు. ఆ పొడి కలిపిన విత్తనం మిగిలితే కడిగి వండుకున్నవాళ్ళు కూడా ఉన్నారని నాయనమ్మ చెప్పింది. చెప్పేవాళ్ళు లేకపోతే ఎవరికి తెలుస్తుంది?

ఈ ఏడాది మా కందులకి నేనే నూనె పట్టించాను. సంక్రాంతికి వెళ్ళినప్పుడు ముందుకోతవి రెండు కుంచాలు వచ్చాయి. ఎండబెట్టి, ఆముదం రుద్ది, రెండు పాలిథిన్ సంచుల్లో ఒకదానిలో ఒకటి పోసి, గాలి నొక్కి కట్టి, రేకు డబ్బాలో పెట్టాను. ఒక డబ్బాకి నాయనమ్మ పట్టుబట్టి బూడిదే కలిపింది. "నీది నువ్వు చూసుకో, నాది నేను చూసుకుంటా" అంది. తొలకరికి రెండూ విప్పి, ఏది ఎలా ఉందో స్కూలు తెరిచాక ఇదే గోడ మీద రాస్తాను.

సీసాలు రెండూ సైన్సు గది కిటికీలో ఉన్నాయి, పక్కన భూతద్దం ఉంది. మూతి గుడ్డ మాత్రం విప్పకండి. పోయిన శుక్రవారం ఎవరో విప్పారు. మొదటి సీసాలో మూడు పురుగులు తక్కువ ఉన్నాయి, స్టోరు రూము అక్కడికి పది అడుగుల దూరమే.